యాసలన్నీ ఒకటి చేయాలనుకున్న బడిపంతులు

‘కలర్’ అనే మాటలో చివరి ఆర్‌కు ముందు యు ఉండాలా, వద్దా? స్కూల్ నోట్‌బుక్‌లో యు లేకపోతే టీచర్ సున్నా చుడతారు. అదే కంప్యూటర్‌లో యు పెడితే కింద ఎర్ర గీత పడుతుంది. మీ ఇంట్లో ఈ పంచాయితీ ఒక్కసారైనా జరిగే ఉంటుంది. దీనికి చాలావరకు కారకుడైన మనిషి పేరు నోవా వెబ్‌స్టర్. మనలో చాలామందికి ఆయన ఒక డిక్షనరీ పేరుగానే తెలుసు. నిజానికి ఆయన మొదట బడిపంతులు. పిల్లల మాటల్లో ప్రాంతాల యాస వినపడకుండా చేయాలని పంతం పట్టినవాడు.

వెబ్‌స్టర్ 1758 అక్టోబర్ 16న కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ దగ్గర ఒక రైతు ఇంట్లో పుట్టారు. అమెరికా అప్పటికింకా ఒక దేశం కాదు, ఇంగ్లండ్ ఏలుబడిలో ఉన్న వలసలు. కొడుకును యేల్ కాలేజీలో చదివించడానికి తండ్రి పొలం తాకట్టు పెట్టాడు. ఫీజు కట్టే నెలలో ఇంటి లెక్కలు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. చదువు సగంలో ఉండగానే స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. 1778లో డిగ్రీ పుచ్చుకుని ఇంటికొస్తే తండ్రి ఎనిమిది డాలర్ల కాగితం నోటు ఒకటి చేతిలో పెట్టి, ఇక నీ బతుకు నువ్వు చూసుకోమన్నాడు. యుద్ధకాలపు ఆ నోటుకు బజారులో రాసి ఉన్నంత విలువ కూడా లేదు. లా చదివినా కేసులు రాలేదు. పొట్టకూటికి పంతులుద్యోగమే దిక్కయింది.

బడిలో చూస్తే పిల్లల చేతుల్లో ఉన్నవి ఇంగ్లండ్ పుస్తకాలు. వాటి నిండా ఇంగ్లండ్ ఊళ్ల పేర్లు. రాజు మీద యుద్ధం చేసిన దేశంలో ఆ రాజుగారి దేశపు పాఠాలేమిటని ఆయనకు మండింది. 1783లో, పాతికేళ్ల వయసులో, సొంతంగా ఒక స్పెల్లింగ్ పుస్తకం అచ్చేయించారు. నీలం అట్ట వల్ల తర్వాతి కాలంలో దానికి ‘బ్లూ బ్యాక్డ్ స్పెల్లర్’ అనే పేరు స్థిరపడింది. మాటను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనూ క్లాసంతా గట్టిగా పలకడం అందులోని పద్ధతి. మన వీధిబడుల్లో ఎక్కాలు అప్పజెప్పినట్టే. ఉద్దేశం మాత్రం స్పెల్లింగ్ ఒక్కటే కాదు. ఉత్తరాది పిల్లవాడూ దక్షిణాది పిల్లవాడూ ఒకే తీరుగా పలకాలి.

అంత పట్టుదల ఎందుకంటే, ఆయన కళ్లతో చూసిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో పుస్తకం మీద హక్కు కావాలంటే ఏ రాష్ట్రానికా రాష్ట్రంలో విడిగా చట్టం కావాలి. వాటి కోసమూ, పుస్తకాల అమ్మకం కోసమూ, ఉపన్యాసాలిస్తూ 1785, 1786 సంవత్సరాల్లో దక్షిణాన చార్ల్‌స్టన్ దాకా తిరిగారు. వెళ్లిన చోటల్లా చెవులు రిక్కించి విన్నారు. ఆయన సొంత ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌లో జనం ‘కౌ’ను ‘కియౌ’ అని సాగదీసేవారు, ‘మెర్సీ’ని ‘మార్సీ’ అనేవారు. వర్జీనియాలో కొందరు మాట చివరి ‘ర్’ను దాదాపు మింగేసేవారు. మోయడాన్ని ‘టోట్’ అనడం వర్జీనియా చుట్టుపక్కల మాట. ఇంటి చిల్లర పనులను ‘చోర్’ అనడం బహుశా న్యూ ఇంగ్లండ్‌కే పరిమితం. వీటన్నిటినీ 1789లో వెలువరించిన వ్యాసాల పుస్తకంలో రాసుకున్నారు. పరాయి ఊరివాడి మాట విని మొదట నవ్వుతారనీ, ఆ నవ్వే చులకనగా మారుతుందనీ, అది కొత్త దేశాన్ని చీలుస్తుందనీ ఆయన భయం. క్లాసులో కొత్తగా చేరిన పిల్లవాడి యాసను తోటివాళ్లు వెక్కిరించడం మీకూ తెలిసిందే కదా. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

అదే పుస్తకంలో నాకు బాగా నచ్చిన పరిశీలన మరొకటుంది. న్యూ ఇంగ్లండ్ వాళ్లు నసుగుతూ, మెత్తగా ఎందుకు మాట్లాడతారన్న ప్రశ్నకు, అక్కడ బానిసలూ పనివాళ్లూ తక్కువ కాబట్టి మనుషులకు ఆజ్ఞాపించే అలవాటు లేదని ఆయన జవాబు. అది పూర్తిగా నిజమో కాదో పక్కన పెట్టండి. యాస వెనక బతుకు ఉంటుందని గ్రహించిన మనిషి, ఆ యాసను పుస్తకంతో చెరిపేయవచ్చని ఎలా అనుకున్నాడా అన్నదే ఆశ్చర్యం.

స్పెల్లింగ్ విషయంలో ఆయన సగం గెలిచారు. ‘కలర్’లో యు తీసేశారు, ‘సెంటర్’ చివరి అక్షరాలు తారుమారు చేశారు, ‘మ్యూజిక్’ చివరి కె కత్తిరించారు. ఇవి నిలిచాయి. ‘టంగ్’, ‘విమెన్’ లాంటి మాటలను చెవికి వినపడినట్టే రాయమంటే మాత్రం జనం ఒప్పుకోలేదు, నవ్విపోయారు.

తర్వాత డిక్షనరీ. 1806లో చిన్నది వచ్చింది. పెద్దది పూర్తయ్యేసరికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. ఎనిమిది మంది పిల్లల తండ్రి, డబ్బుకు ఎప్పుడూ కటకటే. పుస్తకాల కోసం పారిస్, కేంబ్రిడ్జ్ వెళ్లి 1825లో అక్కడే చివరి మాట రాశారు. 1828లో సుమారు 70,000 మాటలతో అది అచ్చయినప్పుడు ఆయన వయసు 70. మాటల పుట్టుక గురించి అందులో రాసినవి చాలావరకు తప్పులని తర్వాత తేలింది, అర్థాలు చెప్పిన తీరుకు మాత్రం ఇప్పటికీ మెప్పే. రెండో ముద్రణకు డబ్బు చాలక, ముసలితనంలో ఇల్లు తాకట్టు పెట్టారు. 1843 మే 28న కన్నుమూశారు. ఆ ఏడాదే డిక్షనరీ హక్కులు మెరియం అన్నదమ్ములు కొన్నారు. మన తెలుగింటి పిల్లలు కూడా గెలుస్తూ వస్తున్న అమెరికా స్పెల్లింగ్ బీ పోటీకి ప్రామాణికం ఆ వంశపు డిక్షనరీయే.

మరి యాసలు పోయాయా? నీలం అట్ట పుస్తకం కోట్లలో అమ్ముడుపోయింది, తరాల తరబడి పిల్లలు దాన్ని వల్లె వేశారు. అయినా పోలేదు. అదే కూల్‌డ్రింక్‌ను షికాగో వైపు ‘పాప్’ అంటారు, న్యూయార్క్‌లో ‘సోడా’ అంటారు, దక్షిణాదిలో చాలామంది ఏ రకమైనా ‘కోక్’ అనేస్తారు. పొడవాటి శాండ్‌విచ్ ఫిలడెల్ఫియాలో ‘హోగీ’, న్యూయార్క్‌లో ‘హీరో’. మంచినీళ్ల కుళాయి విస్కాన్సిన్‌లో కొన్నిచోట్ల ‘బబ్లర్’. బోస్టన్ పాతకాపులు ‘కార్’ను ‘కా’ అంటారు. టెక్సస్‌లో ఉన్న మీ బంధువుల పిల్లలు ‘యాల్’ అంటుంటే ఫోన్‌లో వినే ఉంటారు. ఆ మాట వాళ్లకు టీచర్ నేర్పలేదు, పక్కసీటు స్నేహితుడు నేర్పాడు. రాత బడి నుంచి వస్తుంది, పలుకు తోటిపిల్లల నుంచి వస్తుంది. వెబ్‌స్టర్ లెక్క తప్పింది ఇక్కడే.

1965 నుంచి 1970 వరకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు దేశమంతా మనుషులను పంపి, 1,002 ఊళ్లలో జనం వాడే మాటలను అడిగి రాయించారు. ఆ ప్రాంతీయ పదాల నిఘంటువు మొదటి సంపుటం 1985లో వచ్చింది. జెడ్ దాకా చేరేసరికి 2012 అయింది. వెబ్‌స్టర్ చెరిపేయాలనుకున్నవాటిని ఏరి పెట్టడానికి అంతకాలం పట్టింది.

ఇక ఆయన ఒక మూలకే పరిమితమని రాసిన ఆ రెండు మాటల సంగతి. ‘చోర్స్’ ఇప్పుడు ఇంగ్లీష్ పాఠ్యపుస్తకాల్లో కనపడే మామూలు మాట. వర్జీనియా ‘టోట్’ కావాలంటే బజారుకు వెళ్లి చూడండి, బట్ట సంచీని ‘టోట్ బ్యాగ్’ అని అమ్ముతున్నారు.