గూడెములనుండి లేచిన గురువులు – బిషప్ అజరయ్యగారి జీవితము

దక్షిణమున తిరునెల్వేలి ప్రాంతమందలి వెళ్ళాలన్‌విళై అను చిన్న గ్రామమున 1874 ఆగస్టు 17వ తేదీన వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు జన్మించిరి. తండ్రి ఆ గ్రామ సంఘమునకు గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్య నభ్యసించి, 1895లో వై.యం.సి.ఏ. కార్యదర్శియై, ఆయన దక్షిణదేశ మంతట యువకుల మధ్య పరిచర్య చేసెను. అన్యదేశపు ధనముపై ఆధారపడక, స్వదేశీయుల కానుకలతో స్వదేశీయులే సువార్త నందింపవలెనని తలంచి, 1903లో సహచరులతో కలిసి తిరునెల్వేలి భారత మిషనెరీ సంఘమును స్థాపించెను. నైజాము రాజ్యమందలి డోర్నకల్ ప్రాంతము ఆ సంఘపు సేవాక్షేత్ర మాయెను.

ఇతరులను పంపుట చాలదని ఆయనకు తోచెను. 1909లో గురువుగా అభిషిక్తుడై తానే డోర్నకల్ చేరెను. తమిళము మాతృభాషయైన ఆయన, ముప్పదియైదేండ్ల ప్రాయమున తెలుగు అక్షరములు దిద్దెను. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రలులో బిషప్పుగా ప్రతిష్ఠింపబడి, ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నొందిన మొదటి భారతీయు డాయెను.

ఆయన ఎదుట నిలిచిన ప్రశ్న సామాన్యమైనది కాదు. విశ్వాసులలో అత్యధికులు మాల మాదిగ కులములవారు. భూమిలేని కూలీలు, ఋణములో చిక్కిన పాలేర్లు. పగలంతయు పసులవెంట తిరుగు బాలునకు బడి ఎక్కడ? వాని కూలి తగ్గిన ఇంట గంజికే కరవు. ఇట్టివారిని ఎవరు నడిపింపవలెను? బయటినుండి విద్యావంతులు వచ్చువరకు వేచియుండవలెనా?

అజరయ్యగారు వేచియుండలేదు. ఆ పల్లెలనుండియు గూడెములనుండియు యువకులను ఏరి డోర్నకల్‌కు రప్పించి తర్ఫీదు చేయించిరి. చదువు తెలుగులోనే సాగెను. ఆంగ్లము నేర్చి, పట్టణపు అలవాట్లు మరగినవాడు తన వాడకు తిరిగి పోజాలడని ఆయన ఎరుగును. కనుక పల్లెటూరి జీవనమునకు దగ్గరగానే వారి నివాసమును కష్టమును ఉండెను. భార్యలకును శిక్షణ కలదు. ఒక ఇంటి నడవడియే గ్రామమునకు మొదటి పాఠమని ఆయన నమ్మెను. సతీమణి అన్బు మరియమ్మాళ్ స్త్రీల మధ్య ఈ సేవలో ఆయనకు చేదోడైరి.

శిక్షణ పొందినవారు తమవంటివారి యొద్దకే వెళ్లిరి. అక్షరము, పాట, ప్రార్థన, పరిశుభ్రత, మద్యమునకు దూరముగా నుండుట – వీటిని తమ బ్రతుకుతో నేర్పిరి. నమ్మకమైన మనుష్యులకు అప్పగించిన దానిని వారు మరికొందరికి బోధింపవలెనని పౌలు తిమోతికి తెలిపిన క్రమ మిదియే. బాప్తిస్మము పొందిన ప్రతివానిని, తలపై చేయి యుంచుకొని, సువార్త ప్రకటింపకున్న తనకు శ్రమయని ఒప్పుకొనునట్లు అజరయ్యగారు చేయుచుండిరి. నిరక్షరాస్యుడైన కూలియు ఆనాడే సాక్షిగా నియమింపబడెను.

అడ్డంకులు లేకపోలేదు. మాల మాదిగల మధ్య భేదము సంఘములోనికిని ప్రవేశించెను. ఒక వాడ బోధకుని మరియొక వాడ అంగీకరించుట కష్ట మాయెను. అణగారినవారు ఆత్మీయ విషయములను గ్రహించి నిర్ణయించుకొనగలరా యని గాంధీజీవంటి మహనీయులును సందేహించిరి. అందుకు అజరయ్యగారు వారి మారిన జీవితములనే చూపిరి. ఆ జీవితములను చూచియే పై కులములవారు కొందరు సంఘమున చేరిరి. నిన్న దూరముగా నిలువబడినవాడు నేడు దారి చూపువాడాయెను.

1935 నాటికి ఆ అధ్యక్ష మండలమున రమారమి 250 మంది భారతీయ గురువులు, 2,000కు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉండిరి. 1939లో డోర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రలు ప్రతిష్ఠింపబడెను. దేశీయ శిల్పరీతిలో కట్టబడిన ఆ మందిరము యాత్రికుల కనులకు ఇంపుగా నున్నది. అయినను ఆయన కట్టిన అసలు మందిరము ఆ ఉపాధ్యాయుల సమూహమే. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించెను.

ప్రియ చదువరీ, మన సంఘములలో వెనుక బల్లపై మౌనముగా కూర్చున్న యువకు డొక డుండును. అతనికి మనము జాలి చూపుదుము, వస్త్ర మిత్తుము. బాధ్యత మాత్రము ఇయ్యము. అజరయ్యగారు బాధ్యతనే ఇచ్చిరి. ఈ సంవత్సరము ఒక్కనిని చేరదీసి, నేర్పి, తనవారి యొద్దకు పంపుదుముగాక.