అన్నదాత డొక్కా సీతమ్మ

డొక్కా సీతమ్మగారు 1841లో గోదావరి సీమలోని మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరం. ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టేవారు కనుక ఊరివారు ఆయనను బువ్వన్న అని పిలిచేవారు.

పెళ్ళయ్యాక సీతమ్మగారు కోనసీమలోని లంకల గన్నవరంలో, రైతు డొక్కా జోగన్నగారి ఇంటికి కాపురానికి వచ్చారు. ఆ ఊరు గోదావరి పాయ ఒడ్డున ఉంది. పడవ దాటి, నడిచి వచ్చే బాటసారులు ఆకలితో అలసిపోయేవారు. ఏ వేళకు ఎవరు వచ్చినా, కులం అడగకుండా ఆమె వండి వడ్డించేవారు.

ఒకసారి ఆమె అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లలు కనిపించారు. గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారని పెద్దలు వారిని ఓదారుస్తున్నారు. అది విని ఆమె యాత్ర మానుకున్నారు. వారికంటే ముందే ఇల్లు చేరి వంట చేశారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు.

ఆస్తి తరిగిపోతున్నా ఆమె అన్నం పెట్టడం మానలేదు. 1909లో మరణించారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది.

మీరు ప్రతిరోజూ చేయగల ఇటువంటి చిన్న సాయం ఏమిటి? ఆలోచించి రాయండి.