శ్రీ బి. ఎన్. రెడ్డిగారు

పెద్ద చిత్రము తానై మన ఊరికి వచ్చును. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురములలో దానిని ఎరుగని బాలుడు ఉండడు. చిన్న చిత్రము వచ్చుటయే అరుదు. వచ్చినను నాలుగు దినములు నిలుచుట కష్టము. ఈ రెంటికిని వైరమేనా? శ్రీ బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారి చరిత్ర ఇందుకు చక్కని సమాధానమని మా తలంపు.

వారు 1908లో కడప జిల్లా పులివెందుల ప్రాంతమున జన్మించిరి. మద్రాసు చేరి, మిత్రులతో కూడి వాహినీ సంస్థను నెలకొల్పిరి. వారి దర్శకత్వమున 1939లో వందేమాతరం, 1940లో సుమంగళి, 1941లో దేవత వెలువడినవి. పౌరాణిక గాథలకే ఆదరము మెండుగా గల ఆ దినములలో నిరుద్యోగము, వరకట్నము, వితంతువుల దుఃఖము వంటి ఇంటింటి విషయములను వారు తెరపైకి తెచ్చిరి.

1951వ సంవత్సరము గమనింపదగినది. వారి తమ్ముడు నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు కలిసి విజయా సంస్థ పక్షమున పాతాళభైరవి నిర్మించిరి. దర్శకులు కె. వి. రెడ్డిగారు వాహినిలో పని నేర్చినవారే. మాంత్రికుడు, మాయలు, సాహసములు గల ఆ చిత్రమునకు జనము విరుగబడి వచ్చిరి. ఆ యేడే అన్నగారు మల్లీశ్వరి తీసిరి. వ్యయమున అది చిన్నది కాదు. కాని అందు మాయలు లేవు. రాయలనాటి ఇద్దరు పల్లెవాసుల ప్రేమయు, వియోగమును అందలి కథ. రెండింటను నాయకుడు ఎన్. టి. రామారావుగారే. మల్లీశ్వరి పాతాళభైరవి వలె వెనువెంటనే ధనము కురిపింపలేదు. నిదానముగా జనహృదయమున నిలిచెను.

1955లో వారు బంగారుపాప తీసిరి. ఒక కఠినాత్ముడు అనాథ శిశువును పెంచుచు మనిషిగా మారుటయే అందలి కథ. దానికి రాష్ట్రపతి రజత పతకము లభించెను. అందు కోటయ్య పాత్రధారి ఎవరు? పాతాళభైరవిలో మాంత్రికుడై మెప్పించిన ఎస్. వి. రంగారావుగారే! పెద్ద చిత్రము తెచ్చిన కీర్తి చిన్న చిత్రమునకు అండయైనది. చిన్న చిత్రము ఆ నటుని అంతరంగమును వెలికి తీసినది. 1966లో చంద్రమోహన్ వంటి క్రొత్తవారితో తీసిన రంగులరాట్నం ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందెను.

మూడు దశాబ్దములలో వారు దర్శకత్వము వహించినవి 11 చిత్రములు మాత్రమే. 1974 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము వారిని వరించెను. దక్షిణాదివారిలో దానిని మొదట అందుకొన్నవారు వారే. 1977లో వారు కీర్తిశేషులైరి.

విద్యార్థులారా! పెద్ద చిత్రమును చూడవలదని మేము చెప్పము. అది మనలను వెదకికొని వచ్చును. చిన్నదానిని మనమే వెదకికొని పోవలెను. తలిదండ్రులకును ఒక మనవి. ఈ కన్నడ సీమలో మన తెలుగు తరగతియు అట్టి చిన్న చిత్రమే. రాజ్యభాషయైన కన్నడమును శ్రద్ధగా నేర్తము. దానితో మనకు వైరము లేదు. అయితే తెలుగు తరగతికి పిల్లలను పంపువారున్నంత కాలమే ఆ దీపము వెలుగును.