గాయపడిన చేయి, విడువని బ్యాటు



వేసవిలో పాపాఘ్ని ఎండి ఇసుక తేలినప్పుడు మా కమలాపురము పిల్లలు అక్కడ మూడు పుల్లలు పాతి క్రికెట్టు ఆడుచుందురు. ఆ ఆటలో మా సంఘపు పిల్లవాడొకడు బంతి తగిలి ముందరి పన్ను పోగొట్టుకొనెను. తోటివారు నవ్వుదురను సిగ్గుచేత వాడు బడికిని ఆరాధనకును రాక ఇంటనే కూర్చుండెను. వానిని చూడబోయినప్పుడు మేము వానికొక మనుష్యుని చరిత్ర చెప్పితిమి. అది పెద్దలకును పనికివచ్చునని తోచి ఇక్కడ వ్రాయుచున్నాము.

కొఠారి కనకయ్య నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించెను. ఆయన పూర్వులు మచిలీపట్నము వారు. కనుక పుట్టినది నాగపూరైనను ఆయన మన తెలుగువాడే. లోకము ఆయనను సి.కె. నాయుడని పిలిచెను. 1916లో ఆయన పెద్ద పోటీలలో ప్రవేశించెను. 1923లో ఇండోరు హోల్కరు మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యములో ఉద్యోగమిచ్చెను; పిమ్మట ఆయన కర్నలాయెను. 1926 డిసెంబరులో ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుమీద బొంబాయి జింఖానా మైదానములో రెండు గంటలు నిండకముందే 153 పరుగులు తీసెను. అందులో 11 సిక్సరులు. మనవారు కూడ టెస్టు పందెములాడ తగినవారని ఇతరులు ఒప్పుకొనుటకు ఆ దినపు ఆట తోడ్పడెను.

1932లో మన జట్టు ఇంగ్లండుకు వెళ్లెను. పేరునకు నాయకుడు పోరుబందరు మహారాజు. అయితే ఆ రాజు తనకంటె సమర్థుడు జట్టులో ఉన్నాడని ఎరిగి, టెస్టు దినమున తానే ప్రక్కకు తొలగెను. జూను 25వ తేదీన లార్డ్సు మైదానములో భారతదేశపు మొదటి టెస్టు ఆరంభమాయెను. నాయుడుగారే నాయకుడు. ఫీల్డింగు చేయుచుండగా బంతి ఆయన చేతికి గట్టిగా తగిలెను. ఆ చేతితో బ్యాటు పట్టుట ఎంత బాధయో పొలములో కొడవలి తెగిన చేతితో మరునాడు మరల కోతకు దిగినవారికి తెలియును. అయినను ఆయన దిగి 40 పరుగులు తీసెను. ఆ ఇన్నింగ్సులో మనవారిలో అంతకు మించి తీసినవాడు లేడు. మనము 158 పరుగుల తేడాతో ఓడితిమి. కాని తలదించుకొని రాలేదు. ఆ వేసవిలో ఫస్టుక్లాసు ఆటలన్నిటిలో ఆయన 1,618 పరుగులు తీసి, 65 వికెట్లు పడగొట్టెను.

దేహమునకు తగిలిన దెబ్బ కొన్నాళ్లకు మానును. గౌరవమునకు తగిలిన దెబ్బ అంత త్వరగా మానదు. 1936లో జట్టు మరల ఇంగ్లండుకు పోయినప్పుడు నాయకత్వము విజయనగరము మహారాజకుమారునికి దక్కెను. ఆటలో ఆయన నాయుడుగారికి సాటి కాడని అందరెరుగుదురు, ఇద్దరికిని పొసగలేదు. నలువది యేండ్ల మనుష్యుడు, నిన్నటివరకు నాయకుడు, ఇప్పుడు మరియొకని క్రింద ఆడవలసి వచ్చెను. ఇంటికి తిరిగిపోయినను ఎవరును ఆశ్చర్యపడకపోదురు. ఆయన పోలేదు. ఓవలులో జరిగిన కడపటి టెస్టులో ఇంగ్లండు నాయకుడు ఆలెన్ వేసిన బంతి ఆయన దేహమునకు బలముగా తగిలెను. ఆ నొప్పితోనే నిలిచి 81 పరుగులు తీసెను. అదియే ఆయన చివరి టెస్టు ఇన్నింగ్సు.

అంతటితో ఆయన ఆట ముగియలేదు. హోల్కరు జట్టుకు నాయకుడై రంజీ ట్రోఫీని నాలుగు మారులు గెలిపించెను. 1951-52లో బొంబాయి జట్టుతో ఫైనలు జరిగినప్పుడు ఆయన వయస్సు 56 యేండ్లు. దత్తు ఫడ్కరు వేసిన వేగపు బంతి నోటికి తగిలి రెండు పండ్లు ఊడిపడెను. ఆయన వాటిని ప్రక్కకు త్రోసి, రక్తము తుడుచుకొని ఆట సాగించెను. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ పోటీలలో దిగినప్పుడు మన పిల్లలతో కూడ నిలిచి ఆడెను. 1956లో ప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చెను. 61 యేండ్ల వయస్సున కడపటి రంజీ ఆట ఆడి, 1967 నవంబరు 14వ తేదీన ఇండోరులో కన్నుమూసెను.

మా మాటను తప్పుగా తీసికొనవద్దు. దెబ్బ తగిలినవాడు వైద్యునియొద్దకు పోకూడదని మేము చెప్పుట లేదు. ఆ పిల్లవాని తల్లితో మేము మొదట చెప్పినది, వానిని పండ్ల డాక్టరుకు చూపుమనియే. నాయుడుగారు మన విశ్వాసములోనివాడనియు మేము చెప్పము. కాని పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాయుచు, పందెములో పరుగెత్తువారిని చూచి నేర్చుకొనుడని చూపించెను గదా. వాడిపోవు కిరీటము కొరకు వారంతగా ఓర్చుకొనగా, మన సంగతి ఏమి?

మనలో ఎందరము చేతి గాయమునకు గాక మాట గాయమునకు పని విడిచితిమి! పెద్దరికము తమ్మునికి పోయెనని అన్న గుడికి రాడు. తన పాట పాడనియ్యలేదని ఒకరు వాద్యము మూసివేయుదురు. వాన రాక వేరుశనగ ఎండిన యేడు మరల విత్తనము చల్లుటకు వెనుదీయని మన రైతు, ఒక్క మాటకు వెనుదీయుచున్నాడు. నాయుడుగారు లార్డ్సులో చూపిన ధైర్యముకంటె, నాయకత్వము పోయిన పిమ్మట ఓవలులో చూపిన ధైర్యమే గొప్పదని మాకు తోచుచున్నది.

తరువాతి ఆదివారము ఆ పిల్లవాడు వచ్చి ముందరి చాపమీద కూర్చుండెను. పాటలో నోరు నిండుగా తెరచెను. ప్రక్కవారు నవ్విరి, వాడును నవ్వెను.