బిల్ షాంక్లీ

విలియం షాంక్లీ (సెప్టెంబర్ 2, 1913 - సెప్టెంబర్ 29, 1981) స్కాట్లాండుకు చెందిన ప్రఖ్యాత ఫుట్‌బాల్ క్రీడాకారుడు, మేనేజరు. బిల్ షాంక్లీగా సుప్రసిద్ధుడు. 1959 నుండి 1974 వరకు ఇంగ్లాండులోని లివర్‌పూల్ క్లబ్బుకు మేనేజరుగా పనిచేశాడు. రెండవ డివిజనులో ఉన్న ఆ జట్టును ఐరోపాలోని ప్రముఖ జట్లలో ఒకటిగా తీర్చిదిద్దాడు. ఆటగాళ్ళను ఎంపిక చేయడంలో ఎంతటి నేర్పరి అయినా, వయసు మీరిన వారిని పంపించే విషయంలో మాత్రం చాలా ఇబ్బంది పడ్డాడు. చివరకు తానే క్లబ్బును వీడినపుడు, వీడిపోయిన మనిషికి క్లబ్బులో చోటు ఎక్కడ అన్న ప్రశ్న ఆయనకే ఎదురైంది.

బాల్యం

షాంక్లీ స్కాట్లాండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో గ్లెన్‌బక్ అనే చిన్న బొగ్గుగని గ్రామంలో జన్మించాడు. తండ్రి జాన్ మొదట తపాలా బంట్రోతుగాను, తరువాత దర్జీగాను పనిచేశాడు. తల్లి పేరు బార్బరా. వీరి పదిమంది సంతానంలో షాంక్లీ తొమ్మిదవవాడు, ఐదుగురు కుమారులలో చిన్నవాడు. అన్నదమ్ములు ఐదుగురూ వృత్తి ఫుట్‌బాల్ ఆడినవారే. వారిలో బాబ్ షాంక్లీ మేనేజరుగా డండీ జట్టుకు 1961-62లో స్కాటిష్ లీగు టైటిల్ సాధించిపెట్టాడు. మేనమామలు కూడా ఫుట్‌బాల్ క్రీడాకారులే. కొద్ది వందల జనాభా గల గ్లెన్‌బక్ నుండి పలువురు వృత్తి క్రీడాకారులు వచ్చారు. బొగ్గు గనులు మూతబడిన తరువాత ఆ గ్రామం క్రమంగా నిర్మానుష్యమైంది.

పద్నాలుగవ ఏట బడి మానివేసిన షాంక్లీ సుమారు రెండేళ్ళు బొగ్గుగనిలో పనిచేశాడు. గని మూతపడటంతో ఉపాధి కోల్పోయాడు. ఒకరి కోసం అందరూ, అందరి కోసం ఒకరు శ్రమించాలనే భావన గని కార్మికుల జీవితం నుండే తనకు అబ్బిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆయన శిక్షణ పద్ధతులలోను, రాజకీయ విశ్వాసాలలోను ఈ ప్రభావం కనిపిస్తుంది.

క్రీడాజీవితం

1932లో కార్లైల్ యునైటెడ్ జట్టులో చేరాడు. మరుసటి సంవత్సరం ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బు ఆయనను 500 పౌండ్లకు తీసుకున్నది. రైట్ హాఫ్ స్థానంలో ఆడేవాడు. 1934లో ప్రెస్టన్ మొదటి డివిజనుకు చేరుకుంది. 1937లో ఎఫ్.ఏ. కప్పు ఫైనలులో సండర్‌లాండ్ చేతిలో ఓడిన ఆ జట్టు, 1938 ఫైనలులో అదనపు సమయం చివరి నిమిషంలో లభించిన పెనాల్టీతో హడర్స్‌ఫీల్డుపై 1-0తో గెలిచింది. ఆ విజేత జట్టులో షాంక్లీ సభ్యుడు. 1938, 1939 సంవత్సరాలలో స్కాట్లాండు తరఫున ఐదు అధికారిక మ్యాచ్‌లు ఆడాడు. రెండవ ప్రపంచ యుద్ధం వలన ఆయన క్రీడాజీవితంలోని విలువైన సంవత్సరాలు పోయాయి. యుద్ధకాలంలో రాయల్ ఎయిర్ ఫోర్సులో పనిచేశాడు. 1944లో ఆగ్నెస్ ఫిషర్‌ను వివాహం చేసుకున్నాడు. నెస్సీగా పిలువబడే ఈమె ద్వారా ఆయనకు ఇద్దరు కుమార్తెలు కలిగారు.

1949 మార్చిలో ఆటకు స్వస్తి చెప్పి కార్లైల్ యునైటెడ్ మేనేజరుగా వెళ్ళాడు. దీర్ఘకాలం సేవ చేసిన ఆటగాడి కోసం క్లబ్బు ఒక ప్రత్యేక మ్యాచ్ నిర్వహించి, దాని రాబడిని అతనికి ఇవ్వడం ఆనాటి ఆనవాయితీ. క్లబ్బును విడిచి వెళ్తున్నాడన్న కారణంతో ప్రెస్టన్ ఆయనకు ఆ మ్యాచ్ ఏర్పాటు చేయలేదు. పదహారేళ్ళ అనుబంధం ఈ విధంగా ముగియడం షాంక్లీని తీవ్రంగా బాధించింది. ఈ అసంతృప్తి ఆయనలో చాలాకాలం ఉండిపోయింది.

ఆనాటి బదిలీ నియమాలు

షాంక్లీ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఆనాటి ఇంగ్లాండు ఫుట్‌బాల్ నియమాలు కొంత తెలియాలి. అప్పట్లో ఆటగాళ్ళకు గరిష్ఠ వేతన పరిమితి ఉండేది. 1961లో రద్దయ్యే నాటికి అది వారానికి 20 పౌండ్లు. ఒప్పందం ముగిసినా ఆటగాడి నమోదు పత్రాన్ని క్లబ్బు తనవద్దే ఉంచుకోవచ్చు. క్లబ్బు అనుమతి లేకుండా అతడు వేరొక లీగు క్లబ్బులో చేరడానికి వీలుండేది కాదు. ప్రతి సీజను చివర క్లబ్బు జాబితాలు ప్రకటించేది. ఉంచుకునేవారు ఒక జాబితాలోను, అమ్మకానికి పెట్టినవారు మరొక జాబితాలోను ఉండేవారు. పంపివేయదలచిన వారిని రుసుము లేకుండా విడుదల చేసేవారు.

న్యూకాసిల్ ఆటగాడు జార్జ్ ఈస్థమ్ వేసిన దావాలో 1963లో హైకోర్టు ఈ నిలుపుదల పద్ధతిని వృత్తి స్వేచ్ఛకు అనుచితమైన ఆటంకంగా పరిగణించింది. అయినా ఒప్పందం ముగిసిన ఆటగాడు బదిలీ రుసుము లేకుండా వేరే క్లబ్బుకు వెళ్ళగల హక్కు ఐరోపా సమాజంలో 1995 నాటి బోస్మన్ తీర్పుతో గాని రాలేదు. అందుచేత షాంక్లీ కాలంలో ఆటగాడి భవిష్యత్తు చాలావరకు మేనేజరు, డైరెక్టర్ల నిర్ణయంపైనే ఆధారపడి ఉండేది.

తొలి మేనేజరు పదవులు

కార్లైల్ తరువాత గ్రిమ్స్‌బీ టౌన్ (1951-54), వర్కింగ్టన్ (1954-55) జట్లకు మేనేజరుగా పనిచేశాడు. ఈ క్లబ్బులలో కొత్త ఆటగాళ్ళను కొనడానికి తగిన ధనం ఉండేది కాదు. గ్రిమ్స్‌బీలో జట్టు వయసు పైబడుతున్నా కొత్తవారిని తెచ్చే వీలు లేకపోవడంతో నిరుత్సాహపడి రాజీనామా చేశాడు. 1955 చివరలో హడర్స్‌ఫీల్డ్ టౌన్ చేరి, 1956లో మేనేజరు అయ్యాడు. అక్కడ పదహారేళ్ళ డెనిస్ లాను మొదటి జట్టులోకి తీసుకున్నాడు. షాంక్లీ వెళ్ళిపోయిన కొద్ది నెలలకే, 1960లో, లా 55,000 పౌండ్లకు మాంచెస్టర్ సిటీకి బదిలీ అయ్యాడు. అది అప్పటికి బ్రిటనులో రికార్డు.

లివర్‌పూల్ జట్టు పునర్నిర్మాణం

1959 డిసెంబరులో షాంక్లీ లివర్‌పూల్ మేనేజరుగా చేరాడు. 1954 నుండి ఆ క్లబ్బు రెండవ డివిజనులోనే ఉంది. 1959 జనవరిలో లీగులో లేని వూస్టర్ సిటీ చేతిలో ఎఫ్.ఏ. కప్పు మ్యాచ్ ఓడిపోయింది. ఆన్‌ఫీల్డ్ స్టేడియం, మెల్‌వుడ్ శిక్షణ మైదానం రెండూ శిథిలావస్థలో ఉండేవి. షాంక్లీ ఆధ్వర్యంలో ఆడిన మొదటి మ్యాచ్‌లో జట్టు కార్డిఫ్ సిటీ చేతిలో 4-0 తేడాతో ఓడింది.

కొత్త మేనేజర్లు సాధారణంగా పాత సిబ్బందిని తొలగించేవారు. షాంక్లీ అందుకు భిన్నంగా బాబ్ పైస్లీ, జో ఫేగన్, రూబెన్ బెనెట్‌లను కొనసాగించాడు. వీరు స్టేడియంలో బూట్లు భద్రపరచే చిన్న గదిలో కూర్చుని జట్టు విషయాలు చర్చించేవారు. ఆ గది తరువాత బూట్ రూం పేరుతో ప్రసిద్ధి చెందింది.

ఆటగాళ్ళ విషయంలో మాత్రం కఠినంగా వ్యవహరించాడు. మొత్తం 24 మందిని బదిలీ జాబితాలో చేర్చాడు. వారు త్వరలోనే క్లబ్బు వీడారు. అయితే అప్పటికే అమ్మకం జాబితాలో ఉన్న జెర్రీ బిర్న్‌ను వెనుకకు తీసుకుని జట్టులో నిలిపాడు. 1965 ఎఫ్.ఏ. కప్పు ఫైనలులో కంటె ఎముక విరిగినా బిర్న్ అదనపు సమయంతో సహా మ్యాచ్ ముగిసేవరకు ఆడాడు. 1961లో డైరెక్టరు ఎరిక్ సాయర్ మద్దతుతో స్కాట్లాండు నుండి ఇయాన్ సెయింట్ జాన్, రాన్ యేట్స్‌లను కొనుగోలు చేశాడు.

1961-62లో లివర్‌పూల్ రెండవ డివిజను విజేతగా నిలిచి మొదటి డివిజనుకు చేరింది. 1963-64లో లీగు టైటిల్, 1965లో క్లబ్బు చరిత్రలో మొదటి ఎఫ్.ఏ. కప్పు, 1965-66లో మరలా లీగు టైటిల్ లభించాయి. 1965-66 లీగు సీజను మొత్తానికి ఈ జట్టు ఉపయోగించిన ఆటగాళ్ళు 14 మంది మాత్రమే.

మార్పులలో జాప్యం

తక్కువమంది ఆటగాళ్ళతో ఎక్కువకాలం ఆడటం లివర్‌పూల్ బలం. అదే తరువాత బలహీనతగా మారింది. 1966 తరువాత ఏడేళ్ళపాటు జట్టుకు ప్రధాన విజయమేదీ దక్కలేదు. 1966 డిసెంబరులో ఐరోపా కప్పులో ఆమ్‌స్టర్‌డామ్‌లో అజాక్స్ చేతిలో 5-1తో ఓడింది. తనకు విజయాలు తెచ్చినవారిపై గల అభిమానం వలన షాంక్లీ వారిని తప్పించడానికి వెనుకాడాడని పలువురు అభిప్రాయపడ్డారు. 96,000 పౌండ్లకు కొన్న టోనీ హేట్లీ మరుసటి సంవత్సరమే క్లబ్బు వీడాడు. లక్ష పౌండ్ల అలన్ ఎవాన్స్ కూడా ఆశించినంతగా రాణించలేదు.

మరొకవైపు భవిష్యత్తుకు సన్నాహాలు జరుగుతూనే ఉన్నాయి. 1967లో జెఫ్ ట్వెంటీమన్‌ను ముఖ్య అన్వేషకునిగా నియమించారు. చిన్న క్లబ్బుల నుండి తక్కువ వెలకు యువకులను తెచ్చి, రెండవ జట్టులో కొంతకాలం ఆడించి, పద్ధతి అలవడిన తరువాత మొదటి జట్టులోకి తీసుకోవడం వీరి విధానం. గోల్‌కీపరు రే క్లెమెన్స్ ఈ విధంగానే స్కంథార్ప్ నుండి వచ్చి రెండేళ్ళకు పైగా వేచి ఉన్నాడు.

1970 ఫిబ్రవరి 21న ఎఫ్.ఏ. కప్పు క్వార్టర్ ఫైనలులో రెండవ డివిజను జట్టు వాట్‌ఫర్డ్ చేతిలో లివర్‌పూల్ 1-0తో ఓడింది. ఈ ఓటమితో షాంక్లీ ఆలోచన మారింది. టామీ లారెన్స్, రాన్ యేట్స్, ఇయాన్ సెయింట్ జాన్ వంటివారు కొద్దికాలంలోనే మొదటి జట్టుకు దూరమయ్యారు. రోజర్ హంట్ అంతకు ముందే, 1969 డిసెంబరులో, బోల్టన్ వెళ్ళిపోయాడు. వారి స్థానాలలో క్లెమెన్స్, లారీ లాయిడ్, స్టీవ్ హైవే, జాన్ టోషక్, కెవిన్ కీగన్ మొదలైనవారు వచ్చారు. ఇయాన్ కాలహన్, టామీ స్మిత్, క్రిస్ లాలర్ పాత జట్టుకు, కొత్త జట్టుకు వారధిగా నిలిచారు. కొత్త జట్టు 1972-73లో లీగు టైటిల్‌ను, యూఈఎఫ్ఏ కప్పును, 1974లో ఎఫ్.ఏ. కప్పును గెలుచుకుంది.

వీడిన ఆటగాళ్ళతో వ్యవహారం

ఆటగాళ్ళను తొలగించే వార్తను ముఖాముఖి చెప్పడం షాంక్లీకి కష్టంగా ఉండేది. తనను తప్పించిన సంగతి మేనేజరు నోట కాక ఇతరుల ద్వారా తెలిసిందని సెయింట్ జాన్ తరువాత వెల్లడించాడు. షాంక్లీ పట్ల గౌరవం కోల్పోకపోయినా, ఆ తీరు అతన్ని నొప్పించింది. గాయపడిన ఆటగాళ్ళను కూడా షాంక్లీ పట్టించుకునేవాడు కాదు. ఆడలేనివాడు జట్టుకు ఉపయోగపడడన్న భావంతో వారిని పలకరించకుండా వెళ్ళిపోయేవాడని ఆయన వద్ద ఆడినవారు చెప్పారు.

అయితే ఈ వీడ్కోళ్ళన్నీ చేదుగా ముగియలేదు. 1972లో హంట్ గౌరవార్థం ఆన్‌ఫీల్డులో జరిగిన మ్యాచ్‌కు 50 వేలకు పైగా ప్రేక్షకులు వచ్చారు. యేట్స్ 1971లో ట్రాన్‌మియర్ రోవర్స్‌కు వెళ్ళినా, 1986లో ముఖ్య అన్వేషకునిగా లివర్‌పూల్‌కు తిరిగివచ్చి ఇరవై ఏళ్ళు పనిచేశాడు.

రాజీనామా, అనంతర జీవితం

1974 జూలై 12న షాంక్లీ రాజీనామా ప్రకటించాడు. అప్పటికి ఆయన వయసు 60 ఏళ్ళు. ఈ వార్త అభిమానులను దిగ్భ్రాంతికి గురిచేసింది. అలసట, కుటుంబంతో గడపాలన్న కోరిక ఇందుకు కారణాలు. పైస్లీ అయిష్టంగానే ఆయన స్థానంలోకి వచ్చాడు. ఆగస్టులో వెంబ్లీలో జరిగిన ఛారిటీ షీల్డ్ మ్యాచ్‌లో జట్టును మైదానంలోకి నడిపించినది షాంక్లీయే. అదే సంవత్సరం ఆయనకు ఓ.బి.ఇ. పురస్కారం లభించింది. 1975లో ఆయన గౌరవార్థం ఆన్‌ఫీల్డులో ఒక మ్యాచ్ నిర్వహించారు.

పదవి వీడిన కొద్దికాలానికే షాంక్లీ తన నిర్ణయానికి పశ్చాత్తాపపడ్డాడు. ప్రతిరోజు మెల్‌వుడ్‌కు వచ్చి ఆటగాళ్ళతో కలిసి వ్యాయామం చేసేవాడు. వారు అలవాటుగా ఆయననే బాస్ అని పిలిచేవారు. ఇది పైస్లీకి ఇబ్బందికరంగా మారింది. చివరకు శిక్షణ మైదానానికి రావద్దని షాంక్లీకి తెలియజేయవలసి వచ్చింది. మాంచెస్టర్ యునైటెడ్‌లో మాట్ బస్బీ 1969లో మేనేజరు బాధ్యతలు వదలిన తరువాత కూడా క్లబ్బులోనే ఉండటం ఆయన వారసులకు భారమైందన్న అభిప్రాయం అప్పట్లో ఉండేది. లివర్‌పూల్ డైరెక్టర్లు అటువంటి పరిస్థితిని కోరుకోలేదని భావిస్తారు. పైస్లీ 1983 వరకు సాధించిన ఆరు లీగు టైటిళ్ళు, మూడు ఐరోపా కప్పులు ఆ జాగ్రత్తను సమర్థించేవిగా కనిపిస్తాయి. కాని క్లబ్బుకు తన సర్వస్వం ధారపోసిన మనిషికి ఒక గౌరవ స్థానమైనా కల్పించి ఉండవలసిందని వాదించేవారు కూడా ఉన్నారు.

1976లో వెలువడిన ఆత్మకథలో షాంక్లీ తన ఆవేదనను వ్యక్తం చేశాడు. అదే సంవత్సరం బ్రూజ్‌లో జరిగిన యూఈఎఫ్ఏ కప్పు ఫైనలు రెండవ మ్యాచ్‌కు క్లబ్బు ఆహ్వానించినా, జట్టు బృందంతో కాక వేరే హోటలులో బస ఏర్పాటు చేయడాన్ని అవమానంగా భావించాడు. స్థానిక ప్రత్యర్థి ఎవర్టన్ క్లబ్బు మాత్రం ఆయనను ఆదరంగా స్వాగతించేది.

మరణం

1981 సెప్టెంబర్ 26న గుండెపోటుతో లివర్‌పూల్‌లోని ఆసుపత్రిలో చేరిన షాంక్లీ సెప్టెంబర్ 29న మరణించాడు. ఆ సమయంలో జరుగుతున్న లేబర్ పార్టీ మహాసభ ఆయనకు మౌనంగా శ్రద్ధాంజలి ఘటించింది.

స్మారకాలు

* 1982లో ఆన్‌ఫీల్డు వద్ద షాంక్లీ ద్వారాలను ఆయన భార్య నెస్సీ ప్రారంభించింది.
* 1997లో అదే స్టేడియం వద్ద కంచు విగ్రహం ప్రతిష్ఠించబడింది.
* గౌరవ మ్యాచ్ నిరాకరించిన ప్రెస్టన్ క్లబ్బు తన డీప్‌డేల్ స్టేడియంలో ఒక స్టాండుకు ఆయన పేరు పెట్టింది.
* 2002లో ఇంగ్లీష్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో తొలి విడతలోనే ఆయనకు స్థానం లభించింది.

లివర్‌పూల్ మేనేజరుగా సాధించిన విజయాలు

* మొదటి డివిజను టైటిల్: 1963-64, 1965-66, 1972-73
* రెండవ డివిజను టైటిల్: 1961-62
* ఎఫ్.ఏ. కప్పు: 1965, 1974
* యూఈఎఫ్ఏ కప్పు: 1973