49 ఏళ్ల వయసులో మళ్లీ అ ఆలు

జీవిత భాగస్వామి ప్రభువు సన్నిధికి వెళ్లిపోయాక ఇల్లు ఇల్లులా ఉండదు. అదే వాకిలి, అదే మంచం, కానీ పలకరించే మనిషి లేరు. అప్పుడు చాలామంది ఊరు మారతారు. నెల్లూరు తీరంలోని పల్లెల నుంచి పిల్లల దగ్గరికని కావలికో, నెల్లూరుకో, చెన్నైకో చేరి, కొత్త చర్చిలో చివరి వరుసలో మౌనంగా కూర్చునే పెద్దలు మన సంఘాల్లో ఎందరో! ‘ఇక నా పని అయిపోయింది, పిలుపు కోసం ఎదురుచూడటమే’ అని లోలోపల అనుకునే అలాంటి వారంతా తెలుసుకోవలసిన జీవితం ఫాదర్ హయ్యర్‌ది.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793 జులై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో పుట్టారు. యూరప్‌లో యుద్ధాలు సాగుతున్న రోజులవి. 1807లో, పద్నాలుగేళ్లయినా నిండీ నిండని ఆ బాలుణ్ణి తల్లిదండ్రులు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న బంధువు ఇంటికి పంపించారు. కన్నవారికి దూరంగా కొత్త ఊళ్లో, కొత్త భాషలో బతకడం ఆయనకు అలా చిన్నతనంలోనే అలవాటైంది. ఆ తర్వాత దైవశాస్త్రం చదివి సువార్త సేవకుడై, పెన్సిల్వేనియాలో దూరదూరంగా విసిరేసినట్టున్న జర్మన్ కుటుంబాలను వెతుక్కుంటూ తిరిగారు. 1819లో మేరీని వివాహమాడారు. అప్పటికే ఆమె ఇద్దరు బిడ్డలున్న వితంతువు. తనను ఒకప్పుడు ఒక ఇల్లు చేరదీసింది, ఇప్పుడు తానే ఒక కుటుంబానికి ఆసరా అయ్యారు.

ఇరవై ఏళ్ల కాపురం తర్వాత, 1839లో మేరీ కన్నుమూశారు. హయ్యర్‌కు అప్పుడు 45 ఏళ్లు. తెలిసిన ఊళ్లు, ప్రేమించే సంఘాలు, కడుపున పుట్టిన పిల్లలు, అన్నీ అక్కడే ఉన్నాయి. జ్ఞాపకాల నీడలో మిగతా జీవితం గడిపేసినా ఆయన్ను తప్పుపట్టేవారు ఎవరూ లేరు. కానీ భారతదేశానికి మిషనరీగా వెళ్లమన్న పిలుపు వచ్చినప్పుడు ఆయన కాదనలేదు. 1841 అక్టోబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కారు.

1842లో సింహళం మీదుగా దక్షిణ భారతానికి చేరి, తమిళనాడు దాటి మద్రాసు వచ్చారు. అక్కడి నుంచి ఉత్తరానికి, తెలుగు దేశానికి ప్రయాణం. రైళ్లు లేని కాలం అది! ఆ దారిలో ఆయన ఆగిన చోటు మన నెల్లూరు. శామ్యూల్ డే 1840లో అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషను ప్రారంభించారు. హయ్యర్ లూథరన్, వారు బాప్టిస్టులు. బాప్తిస్మం విషయంలో వారి బోధలు వేరు. అయినా నెల్లూరు మిషనరీలు ఆయనను సొంత సహోదరుడిలా ఆదరించారు. 1842 జులై 31న ఆయన గుంటూరు చేరినప్పుడు కలెక్టరు హెన్రీ స్టోక్స్ కూడా అలాగే ఆహ్వానించి అండగా నిలిచారు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం తన చరిత్రను లెక్కించేది ఆ రోజు నుంచే.

ఆ 49 ఏళ్ల వయసులో ఆయన తెలుగు అ ఆలు దిద్దారు. బడులు నడిపారు, ఆడపిల్లలకూ చదువు నేర్పించారు. ఆరోగ్యం దెబ్బతిని మధ్యలో అమెరికాకు వెళ్లవలసి వస్తే, అక్కడా ఖాళీగా కూర్చోలేదు. బాల్టిమోర్‌లో వైద్యం చదివి 1847లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. 1848లో తిరిగి వచ్చి, మరుసటి ఏడు జ్వరాలకు పేరుపడిన పల్నాడులోని గురజాలకు వెళ్లారు. తర్వాత రాజమండ్రిలోనూ సేవచేసి, 1857లో స్వదేశం వెళ్లి మిన్నెసోటాలో మళ్లీ కొత్తగా సంఘాలు కట్టారు.

ఆయన కథ అక్కడితో ముగియలేదు. 1869లో రాజమండ్రి మిషనును వేరొక సొసైటీకి అప్పగించేయాలన్న ఆలోచన అమెరికా సంఘంలో వచ్చింది. ఆ మాట విన్న హయ్యర్ సభకు వెళ్లి, తానే వెళ్తానని నిలబడ్డారు. ప్రయాణపు సంచీ చేతిలో సిద్ధంగా ఉంది. వయసు 76! ఆ ఏడాది డిసెంబరులో ఆయన రాజమండ్రి చేరారు. మిషను నిలిచింది. పనిని తర్వాతి వారికి అప్పగించి 1871లో తిరిగి వెళ్లిన ఆయన, 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో ప్రభువునందు నిద్రించారు. పెన్సిల్వేనియాలోని ఫ్రీడెన్స్‌లో, తన భార్య మేరీ సమాధి పక్కనే ఆయన దేహాన్ని ఉంచారు.

ఆ సమాధి మనకు ఒక సంగతి నేర్పుతుంది. కొత్త జీవితం మొదలుపెట్టడమంటే పోయినవారిని మరచిపోవడం కాదు. మేరీ తర్వాత ఆయన 34 ఏళ్లు బతికారు, సముద్రాలు దాటారు, వేలమందికి ఫాదర్ అయ్యారు. చివరికి ఆమె పక్కకే చేరారు. దుఃఖాన్ని దేవుని చేతిలో పెట్టినవారు దాన్ని మోస్తూనే నడవగలరు. అబ్రాహాము కూడా హారానులో తండ్రిని పోగొట్టుకున్నాకే కనానుకు బయలుదేరాడు.

మరో సంగతి కూడా ఉంది. బయలుదేరేవారికి విశ్వాసం కావాలి, నిజమే. కానీ చేర్చుకునేవారు కూడా కావాలి. ఫిలడెల్ఫియాలో ఒక ఇల్లు, నెల్లూరులో ఒక మిషను, గుంటూరులో ఒక కలెక్టరు... ఈ తలుపులు మూసి ఉంటే? నయోమి బేత్లెహేముకు ఉత్త చేతులతో వచ్చానని కుమిలిపోయింది. ఆమె పక్కన రూతు ఉంది, వారికి బోయజు పొలం దొరికింది. కొంత కాలానికి ఆమె ఒడిలో పసివాడు ఆడుకున్నాడు.

వచ్చే ఆదివారం మీ చర్చిలో చివరి వరుస వైపు ఒకసారి చూడండి. తెలియని ముఖం కనిపిస్తే పేరు అడగండి, ఆ పూట మీ ఇంట భోజనానికి పిలవండి. ఆ వరుసలో కూర్చున్నది మీరే అయితే, సండే స్కూలులో ఒక్క పిల్లవాడికైనా వాక్యం నేర్పడానికి ముందుకు రండి. దేవుడు మనల్ని కొత్త ఊరికి తెచ్చేది కాలక్షేపానికి కాదు, కొత్త పనికి!