హాండెల్ జీవితము – సంగీత సేవ

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన సంఘముల చరిత్రను, మన పెద్దల సేవను గూర్చి పలువురు వ్రాయుచుండగా, మూడు వందల ఏండ్ల క్రిందట జర్మనీలో పుట్టి లండనులో కన్నుమూసిన సంగీతకారుని గూర్చి మేము వ్రాయుట ఎందులకని కొందరు అడుగవచ్చును. హల్లెలూయ కోరసు పేరు వినని క్రైస్తవ గాయకుడు అరుదు. అది జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ రచన. అంతేగాక, ఆయన పుట్టిన ఊరికిని మన తెలుగు క్రైస్తవ సాహిత్యమునకును ఒక బంధము కలదు.

హాండెల్ 1685 ఫిబ్రవరి 23న జర్మనీలోని హాలే పట్టణములో జన్మించెను. తండ్రి మంగలి వైద్యుడు. నాటి ఐరోపాలో క్షౌరము చేయు చేతులే కోత వైద్యమును చేసెడివి. మన పల్లెలలోను ఒకప్పుడు అంతే గదా! కుమారుడు న్యాయవాది కావలెనని తండ్రి కోరిక. అయితే ఒక ప్రభువు బాలుని ఆర్గను వాదనము విని మెచ్చి, ఈ వరమును అణచవద్దని తండ్రికి బోధించెను. అంతట హాలే దేవాలయపు ఆర్గను వాద్యకారుడు జకో వద్ద శిక్షణ ప్రారంభమాయెను. 1702లో హాండెల్ హాలే విశ్వవిద్యాలయములో చేరి, అదే ఏడు ఒక దేవాలయములో ఆర్గను వాయించు కొలువు సంపాదించెను.

ఆ దినములలో హాలేలో ఫ్రాంకే అను దైవజనుడు అనాథ బాలుర ఆశ్రమమును, పాఠశాలలను నడుపుచుండెను. ఆ భక్తి ఉద్యమము నుండియే సీగెన్‌బాల్గ్, ప్లూచౌ అను మిషనరీలు బయలుదేరి 1706లో తరంగంబాడికి వచ్చిరి. తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి, బైబిలును తెలుగులోనికి అనువదించెను. ఆయన 1743లో హాలేకు తిరిగి వెళ్లిన పిమ్మట, 1746–47లో ఆ ఊరిలోనే తెలుగు అక్షరములతో చిన్న క్రైస్తవ పుస్తకములు అచ్చయినవి. ఆ విధముగా హాండెల్ పుట్టిన ఊరు మన తెలుగు అచ్చు అక్షరము పురుడు పోసుకొన్న ఊళ్లలో ఒకటి. మన కడపకు లండన్ మిషనరీలు వచ్చుటకు ఇంకను 75 ఏండ్లు పట్టినది.

హాండెల్ 1703లో హాంబర్గుకు, 1706లో ఇటలీకి వెళ్లి ఒపేరా, అనగా సంగీత నాటక రచనలో ఆరితేరెను. 1710లో లండను చేరి, 1727లో ఆ దేశ పౌరుడాయెను. వాద్య సంగీతములో ఆయన కీర్తి తెచ్చిన రచన ‘వాటర్ మ్యూజిక్’. 1717 జూలై 17న థేమ్స్ నదిపై రాజు పడవలో పోవుచుండగా, వేరొక పడవ నుండి సుమారు 50 మంది వాద్యకారులు దానిని వాయించిరి. 1739లో 12 కన్సర్టోలను ఒక్క నెలలోనే వ్రాసెను. వీటిలో కొద్దిమంది ముఖ్య వాద్యకారులు ఒక మాట పలుకగా, మేళమంతయు బదులు పలుకును. మన భజనలో ముందు పాడువాడు చరణము ఎత్తుకొనగా సమాజమంతయు అందుకొన్నట్లే అది సాగును.

అయితే లండను ప్రజలు క్రమముగా ఇటాలియను ఒపేరాలపై మోజు విడిచిరి. నాటక సంస్థలు నష్టపడెను. 1737లో హాండెల్‌కు పక్షవాతము సోకి కుడిచేయి పడిపోయెను. ఆహెన్‌లోని వేడినీటి బుగ్గలలో చికిత్స పొంది స్వస్థుడాయెను. ఆ దశలో ఆయన ఒరటోరియోను మరింత గట్టిగా పట్టుకొనెను. ఒరటోరియో అనగా వేషము, రంగాలంకరణ లేక బైబిలు కథను పాటతోనే నడిపించుట. హరికథ ఎరిగిన మనకు దీనిని వివరింపనక్కరలేదు. కథ సాగించు వచనము వంటి భాగమొకటి, భావమును నిలిపి పాడు కీర్తన వంటి భాగమొకటి, అందరు కలిసి పాడు కోరసొకటి.

1741 ఆగస్టు 22న మొదలుపెట్టి 24 దినములలో ఆయన ‘మెస్సీయ’ను పూర్తిచేసెను. చార్లెస్ జెన్నెన్స్ అను స్నేహితుడు కేవలము లేఖన వాక్యములనే ఏర్చి కూర్చి ఇచ్చెను. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్ నగరములో దానిని మొదటిసారి బహిరంగముగా పాడిరి. సుమారు 700 మంది కూడివచ్చిరి. స్థలము చాలదని స్త్రీలు వెడల్పాటి గౌనులు లేకుండ, పురుషులు కత్తులు లేకుండ రావలెనని ముందుగా కోరిరి. వచ్చిన ధనమును రెండు ఆసుపత్రులకును, అప్పు తీర్చలేక చెరలోనున్న ఖైదీల విడుదల నిధికిని పంచిరి. ఆ సొమ్ముతో 142 మంది విడుదల పొందిరి.

మేము ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఈ 142 మందియే. వానరాని ఏడు అప్పు అనగా ఏమియో మన సీమలో ఎవరికి తెలియదు? ధాత కరువు నాటి నుండి మన పెద్దలు చెప్పిన కథలలో అప్పు, వడ్డీ, అమ్ముడుపోయిన ఎద్దులు లేని కథ లేదు. ఆ సాయంత్రము డబ్లిన్‌లో పాట వినిన వారి ఆనందము ఒక యెత్తు. మరునాడో మరు వారమో ఇంటికి నడచివచ్చిన తండ్రిని చూచిన బిడ్డల ఆనందము ఇంకొక యెత్తు.

1750 నుండి లండనులోని అనాథ శిశువుల ఆశ్రమము కొరకు ఆయన ఏటేట ‘మెస్సీయ’ను పాడించెను. ఈ ప్రదర్శనల వలన ఆశ్రమమునకు దాదాపు 7,000 పౌండ్లు చేకూరెను. తన వీలునామాలో ఆ రచన ప్రతిని ఆశ్రమమునకే వ్రాసియిచ్చెను.

అయితే సత్యమును దాచరాదు. బానిసల వ్యాపారము చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో హాండెల్ వాటాలు కొనియుండెనని చరిత్రకారులు లెక్కల పుస్తకములలో కనుగొనిరి. ఒకచోట ఖైదీలను విడిపించిన చేయి మరొకచోట మనుష్యులను అమ్మిన సొమ్మును తాకినది. గొప్పవారిని పొగడుచు తప్పు కప్పిపుచ్చుట మనకు తగదు. వరము దేవునిది, పాత్ర మట్టిది. మన చేతులలోని సొమ్ము ఎక్కడనుండి వచ్చినదని మనమును విచారించుకొనవలెను.

1751లో ‘జెఫ్తా’ వ్రాయుచుండగా ఆయన చూపు మందగించెను. శస్త్రచికిత్సలు ఫలింపలేదు. చివరికి చికిత్స చేసిన జాన్ టేలర్ అను వైద్యుడే అంతకుముందు బాఖ్ కన్నులకును కోత పెట్టి విఫలుడాయెను. బాఖ్, హాండెల్ ఒకే ఏడు పుట్టిన మహా సంగీతకారులు. ఒకరినొకరు ఎన్నడును కలిసికొనలేదు. చూపు పోయినను హాండెల్ ఆర్గను వద్ద కూర్చుండి, చేతికి తోచిన స్వరములను అప్పటికప్పుడు కల్పించి వాయించుచుండెను. 1759 ఏప్రిల్ 6న తన ‘మెస్సీయ’ను చివరిసారి విని, ఈస్టరుకు ముందుదినమైన ఏప్రిల్ 14న ప్రభువునందు నిద్రించెను. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆయనను సమాధి చేసిరి.

మన గాయకబృందములన్నియు హాండెల్‌నే పాడవలెనని మేము చెప్పుట లేదు. పురుషోత్తమ చౌదరి మొదలగు మన కవుల కీర్తనలు, హార్మోనియము, డోలక్, తాళములు మన సొంత సొత్తు. అయితే ఆయన వద్ద మనము నేర్వదగినది ఒకటున్నది. పండుగనాటి పాట దేవాలయపు గోడలలోనే ముగియక, ఒక అప్పులవాని గడపను, ఒక అనాథ బిడ్డ కంచమును చేరవలెను. రాబోవు శతాబ్దములో మన సంఘములు పాడు పాట వలన ఎందరు విడుదల పొందిరో మన మనుమలు లెక్కించి వ్రాయునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక.